పీసీఓఎస్: స్కానింగ్‌లో నీటిబుడగలు, ఆగి ఆగి వచ్చే నెలసరి

మీరు అడిగింది ఇదీ: వయసు 23, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నాయి, స్కానింగ్‌లో నీటిబుడగలు ఉన్నాయన్నారు, మాత్రలు వాడినంత కాలం నెలనెలా వచ్చి ఆపగానే మళ్లీ ఆగిపోయింది. ఆ బుడగలు కరగాలంటే ఏం చేయాలి, పెళ్లయితే అదే సర్దుకుంటుందా అని.

ముందు బుడగల భయం వదిలేయండి. అవి గడ్డలు కావు. అండాశయం అంచు వెంబడి పూసల్లా కనిపించే ఫాలికల్స్, అంటే అండం పెరిగే చిన్న సంచులు. ఒక్కోటి 2 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది. నెలనెలా వాటిలో ఒకటి దాదాపు 20 మిల్లీమీటర్లకు పెరిగి, పగిలి, అండం బయటికి రావాలి. పీసీఓఎస్‌లో (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, మీకు ఉన్నదేమో అనుకుంటున్న హార్మోన్ల సమస్య) ఆ పెరుగుదల మధ్యలోనే ఆగిపోతుంది, ఆగినవన్నీ అక్కడే పోగవుతాయి. వాటిని కరిగిస్తామని అమ్మే పొడులకు డబ్బు తగలేయకండి.

చాలామందిలో అసలు గొడవ ఇన్సులిన్‌ది. ఒంట్లో కణాలు దాని మాట సరిగా వినవు, అందుకని క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయం చేత టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను ఎక్కువ తయారు చేయిస్తుంది. పైగా ఆ హార్మోన్‌ను రక్తంలో పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను కాలేయం తక్కువ తయారుచేస్తుంది. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, మాడు మీద జుట్టు పలచబడటం అందుకే. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, తాకితే మఖమల్ గుడ్డలా ఉందేమో చూసుకోండి. అది మురికి కాదు, ఇన్సులిన్ పెరిగిన గుర్తు. సున్నిపిండితో రుద్దితే పోదు, చర్మం ఒరుసుకుపోవడమే మిగులుతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ పీసీఓఎస్ వస్తుంది.

స్కానింగ్ ఒక్కటే చూసి ఈ జబ్బు పేరు పెట్టకూడదు. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ లక్షణాలు, స్కానింగ్ తేడా, ఈ మూడింట్లో రెండు ఉండాలి. రజస్వల అయి 8 ఏళ్లు నిండని అమ్మాయిలకు స్కానింగ్‌ను లెక్కలోకే తీసుకోరు, ఆ వయసులో అలా కనిపించడం మామూలే. థైరాయిడ్ (టీఎస్‌హెచ్), ప్రొలాక్టిన్, 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్ పరీక్షలు చేయించి వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. హార్మోన్ మాత్రలు వాడుతూ టెస్టోస్టిరాన్ పరీక్ష చేయిస్తే తప్పుగా తక్కువ చూపిస్తుంది. మాత్రలు ఆపి కనీసం 3 నెలలు గడవాలి. షుగర్‌కు పరగడుపు పరీక్షతో సరిపెట్టుకోవద్దు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన 2 గంటలకు చూడాలి. పరగడుపున బాగానే ఉండి, ఈ పరీక్షలో 140 దాటేవాళ్లు ఉంటారు. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా ఆలస్యం చేయకండి, అది వేరే సమస్య కావచ్చు.

ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి: 90 రోజులు. అంతకు మించి నెలసరి రాకుండా వదలకూడదు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ ఉండదు, గర్భాశయం లోపలి పొర మందమవుతూనే పోతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. గర్భం లేదని తేల్చుకున్నాక డాక్టర్లు మామూలుగా మెడ్రాక్సిప్రొజెస్టిరాన్ 10 మిల్లీగ్రాములు 5 నుంచి 10 రోజులు ఇస్తారు, ఆపాక రక్తస్రావం వస్తుంది. మీరు నెలనెలా వాడినవి బహుశా ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్రలు. అవి ఆ పొరను కాపాడతాయి, వెంట్రుకలను తగ్గిస్తాయి, అంతేగానీ జబ్బును మాన్పవు. ఆపితే ఆగిపోవడం మందు తప్పు కాదు. కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, బీపీ, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, వాళ్లకు ఈ మాత్రలు పనికిరావు.

బరువు ఎక్కువుంటే అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి దారిలో పడే అవకాశం బాగా ఉంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. మనవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క. పొద్దున నాలుగు ఇడ్లీలు కొబ్బరి చట్నీతో తింటే ప్రొటీన్ అంతంతమాత్రమే. రెండు ఇడ్లీలు, గిన్నెడు చిక్కటి సాంబారు, ఉడికిన గుడ్డు పెట్టుకోండి, లేదా ఉప్మా లేని పెసరట్టు. వండిన అన్నం ఒక కప్పులో, అంటే దాదాపు 150 గ్రాముల్లో, 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి కలుపుకుంటూ మూడు కప్పులు తెలియకుండానే దాటేస్తాం. అన్నం ఒకేసారి కొలిచి పెట్టుకుని, కూర, పప్పు రెట్టింపు చేయండి. కొర్రలు, జొన్నరొట్టె మంచివే, కానీ కొలత లేకుండా తింటే ఫలితం ఉండదు. బెల్లం వేసిన రాగిజావా అంతే.

వారానికి కనీసం 150 నిమిషాలు ఆయాసం వచ్చేలా నడవండి, బరువు తగ్గాలంటే 250 దాకా. రెండు రోజులు బస్కీలు, డంబెల్స్ లాంటివి చేయండి. కండ చక్కెరను లాక్కుంటుంది, నడక ఒక్కటే చాలదు.

ఇన్సులిన్ బాగా పనిచేయడానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ రాస్తే 500 మిల్లీగ్రాములతో భోజనంతో పాటు మొదలుపెట్టి, వారానికో రెండు వారాలకో కొంచెంగా పెంచుతారు. ఒకేసారి ఎక్కువ మోతాదు మొదలుపెట్టి, విరేచనాలు పట్టి మానేసేవాళ్లు ఉంటారు. నెమ్మదిగా విడుదలయ్యే రకం అడగండి. ఏళ్లపాటు వాడితే బీ12 చూపించుకోవాలి. వెంట్రుకల విషయంలో ఏ మందుకైనా 6 నెలలు గడవందే తీర్పు చెప్పొద్దు. థ్రెడింగ్ చేయిస్తే అవి దట్టంగా పెరుగుతాయన్నది నిజం కాదు. వెంట్రుకలు తగ్గడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ వాడుతుండగా గర్భం రాకూడదు.

పెళ్లితో హార్మోన్లు మారవు, ఆ మాట పట్టుకుని చికిత్స వాయిదా వేయకండి. అలాగని పిల్లలు పుట్టరనే బెంగా వద్దు. అండం విడుదలకు మొదట ఇచ్చే మందు లెట్రోజోల్, సాధారణంగా 2.5 మిల్లీగ్రాములు 5 రోజులు, నెలసరి తొలి రోజుల్లో. చాలామందికి దానితో అండం విడుదలై గర్భం నిలిచే అవకాశం ఉంటుంది. అప్పటిదాకా, నెలసరి రావట్లేదు కదా, గర్భం రాదులే అనుకోవద్దు. అండం ఎప్పుడు విడుదలవుతుందో చెప్పలేం కాబట్టి పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే జాగ్రత్త పడాల్సిందే. కావాలనుకున్నప్పుడు ముందుగానే గ్లూకోజ్ పరీక్ష మళ్లీ చేయించి, రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి.