తెల్లపులి ఒక్కటే కాదు, దుమ్ములగొండినీ వెతకండి

జూలలో, అక్వేరియంలలో అక్కడి నేలకు చెందిన జంతువులను ఎలా చూడాలో తెలుసుకోవాలని రాయలసీమ పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: తిరుమల దర్శనం అయ్యాక పిల్లలను తిరుపతి జూకు తీసుకెళ్లాం. మధ్యాహ్నమంతా తిరిగినా సగం బోన్లు ఖాళీగానే కనిపించాయి. జంతువులు నిజంగానే లేవా?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: జంతువులు ఉన్నాయి, మీరు వెళ్లిన వేళే సరికాదు. మన ఎండల్లో పన్నెండు నుంచి మూడున్నర దాకా చాలా జంతువులు బయట నిలబడవు. చిరుత పొద మాటున, ఎలుగుబంటి బండ సందున, తోడేలు గుంతలో పడుకుంటాయి. దర్శనం చేసుకుని, కొండ దిగి, భోంచేసి జూకు పోవడం మనవాళ్లకు అలవాటు. దాన్ని తిరగేయండి. దర్శనం మధ్యాహ్నానికో సాయంత్రానికో దొరికిన రోజున, పొద్దున గేటు తీసే వేళకే జూ దగ్గర ఉండండి. మొదటి రెండు గంటల్లో కనిపించేవి తర్వాత రోజంతా తిరిగినా కనిపించవు. నెలల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. తిరుపతి జూకు మంగళవారం సెలవు. పండగ రోజుల్లో మార్పులుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.

1987లో మొదలైన ఈ శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు 5,532 ఎకరాలుంది. అందులో ఎక్కువ భాగం శేషాచలం అడవే. మనం తిరిగేది కొంత భాగమే అయినా పిల్లలతో నడవడానికి అదే ఎక్కువ. బ్యాటరీ బండి ఎక్కితే ఆగే చోట్లు వాళ్లిష్టం, చిన్న జంతువులు దాటిపోతాయి. అందుకని గేటు దగ్గర పటం చూసి ముందే వరుస వేసుకోండి. వేటాడే జంతువులు మొదట: తోడేలు, రేచుకుక్క, దుమ్ములగొండి (హైనా), చిరుత, వీటిలో అక్కడ ఏవి ఉంటే అవి. ఎండ ఎక్కేకొద్దీ మొసళ్ల దగ్గరికి పోండి. చలికాలంలో అవి పదింటికి గట్టు మీద నోరు తెరిచి పడుకుంటాయి. అది కోపం కాదు, ఒంట్లో వేడిని నోటి ద్వారా వదలడం. దుప్పులు, కణుతులు ఏ వేళకైనా కనిపిస్తాయి, వాటిని చివరికి ఉంచుకోండి.

ఖాళీగా కనిపించిన ఎన్‌క్లోజర్ ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. మొదట నీడ పడే మూల, తర్వాత నీళ్ల తొట్టి అంచు, ఆ తర్వాత వెనక గోడ వారగా చూడండి. చాలాసార్లు మొదట కనిపించేది ఈగలు తోలుకునే చెవే. దాన్ని పట్టుకుంటే తల, వీపు వాటంతట అవే తేలతాయి.

సాయంత్రం నాలుగు దాటాక మళ్లీ కదలిక మొదలవుతుంది. మాంసాహారులకు సాధారణంగా రాత్రి గదుల్లోనే తిండి పెడతారు కాబట్టి, ఆ తలుపు దగ్గర అటూ ఇటూ తిరుగుతుంటాయి. అది ఆకలి నడక. పొద్దుట్నుంచీ అదే గీత మీద తిరుగుతుంటే మాత్రం అది విసుగు. పిల్లలకు ఈ తేడా చెప్పడం మంచిదే. గోల చేసినా, రాయి విసిరినా, తినుబండారం వేసినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని కూడా చెప్పండి.

ప్రశ్న: మా రోళ్లపాడు బట్టమేక పిట్టను మా మనవలకు చూపించాలి. ఏ జూలో ఉంది?
– ఒక రైతు, నందికొట్కూరు

జవాబు: చూడటానికి పోగలిగిన ఏ జూలోనూ లేదు. మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు తూగే పక్షి అది. బెదిరితే కంచెకు కొట్టుకుంటుంది. మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఎదురుగా ఉన్నదాన్ని సరిగా చూడలేదు, కరెంటు తీగ దగ్గరికొచ్చాక అంత బరువుతో పక్కకు తప్పుకోలేదు. దేశం మొత్తం మీద ఉన్నవి 150 లోపేనని అంచనా. రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపు 2019 నుంచి గుడ్లు సేకరించి పొదిగించి పెంచుతున్నారు. అది సంతతి పెంచే కేంద్రం, సందర్శకులకు కాదు.

రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేసింది ఈ పిట్ట కోసమే. ఇప్పుడు అక్కడికి వెళ్తే పిట్ట కనిపిస్తుందని మనవలకు మాటివ్వకండి. కృష్ణజింకలు మాత్రం మందలుగా కనిపిస్తాయి, ఓపికుంటే తోడేలూ కనిపించొచ్చు. చలికాలం సాయంత్రాల్లో, బయటి దేశాల నుంచి వలసొచ్చే పిల్లిగద్దలు గడ్డిలోకి దిగి పడుకుంటాయి. పొద్దు గూకే ముందు అరగంట ఆకాశం వైపు చూస్తూ నిలబడితే చాలు. జూలో దొరకని దృశ్యం అది.

కడప వాళ్లు కలివి కోడి గురించి ఇదే అడుగుతుంటారు. దానికీ ఇదే జవాబు. పూర్తిగా అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది అందుకే. రాత్రిళ్లు తిరిగే పక్షి, ఏ జూలోనూ లేదు. దాని కోసం రాత్రిపూట అడవిలోకి పోతే కేసవుతుంది.

ప్రశ్న: మా స్కూలు పిల్లలు నలభై మందిని హైదరాబాద్ జూకు తీసుకెళ్తున్నాం. మన దేశపు జంతువులు వాళ్లకు గుర్తుండేలా ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, ఆదోని

జవాబు: సోమవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు. నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు, ఒక్క రోజులో మొత్తం చూపించాలనుకుంటే ఏదీ మిగలదు. పది మన జంతువులను ఎంచుకుని, పదేసి మందికి ఒక పెద్ద తోడుండేలా నాలుగు గుంపులు చేయండి. జిరాఫీ దగ్గర పిల్లలు ఎలాగూ ఆగుతారు. వద్దనకండి, ఐదు నిమిషాలిచ్చి కదిలించండి.

చాలా బోర్డుల మీద ఆ జంతువు ఉండే ప్రాంతాల పటం ఉంటుంది. ‘ఇందులో మన రాష్ట్రం ఉందా?’ అనే ఒక్క ప్రశ్న పదిచోట్లా అడిగితే చాలు. పటంలో ఆంధ్ర లేని జంతువు దగ్గర చర్చ మొదలవుతుంది. సింహం కూడా మనది కాదా అని అడుగుతారు. మన దేశంలో సింహం సొంతంగా బతికేది గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే.

జింకల దగ్గర ఎక్కువ సేపు ఉండండి. ‘జింక’ అని మనం పిలిచేవి రెండు రకాలు. దుప్పి, కణితి కొమ్ములు కొమ్మలుగా చీలతాయి, ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కొత్తగా మొలిచినప్పుడు కొమ్ము మీద నూగు చర్మం కనిపిస్తుంది, పెరగడం అయ్యాక జంతువు దాన్ని చెట్టుకు రాసి ఊడగొడుతుంది. కృష్ణజింక, నీల్గాయి, నాలుగు కొమ్ముల జింక కొమ్ములు రాలవు, చీలవు, జీవితాంతం ఉంటాయి. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. మగది బాగా ఎదిగాకే నల్లబడుతుంది. ఆడది లేత గోధుమ రంగులో, మామూలుగా కొమ్ములు లేకుండా ఉంటుంది. పిల్లలు దాన్ని వేరే జంతువనుకుంటారు.

నిశాచర జంతువుల గదిని మాత్రం వదలకండి. అక్కడ పగలు చీకటి చేసి, రాత్రి లైట్లు వేస్తారు. దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్) లాంటివి పగలు మేల్కొని ఉండటానికి అదే కిటుకు. ఎండలోంచి లోపలికి వెళ్లగానే ఏమీ కనిపించక, ‘ఖాళీ’ అని బయటికొచ్చేస్తారు. కళ్లకు చీకటి అలవాటు కావడానికి కనీసం పది నిమిషాలు పడుతుంది. ఆలోగా ఎవరైనా ఫోను తెర వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఫోన్లు జేబుల్లో పెట్టించి, పదేసి మందిని పంపండి. దేవాంగపిల్లికి తోక కనిపించదు, కాళ్లు పుల్లల్లా ఉంటాయి, అడుగు తీసి అడుగు వేయడానికి తొందరపడదు. కదలికను కాకుండా కొమ్మ మీద రెండు పెద్ద కళ్లను వెతకమనండి. మన శేషాచలంలోనూ ఉన్న జంతువే అయినా, అడవిలో చూసినవాళ్లు తక్కువ.

ప్రశ్న: తుంగభద్ర చేపలను పిల్లలకు అక్వేరియంలో చూపించాలి. విశాఖ పోవాలా, బెంగళూరు పోవాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తుంగభద్ర చేపల కోసమైతే రెండూ అక్కర్లేదు. విశాఖ బీచ్‌రోడ్డులోని మత్స్యదర్శిని సముద్రపు చేపల కోసం పనికొస్తుంది. మన అక్వేరియంలలో రంగు చేపలదే రాజ్యం. అరపైమా, ఆస్కార్ దక్షిణ అమెరికావి. ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ లేదు, మనుషులు సంకరం చేసి పుట్టించింది.

మార్కెట్లో పిల్లలు రోజూ చూసేవాటిలోనూ తికమక ఉంది. రూప్‌చంద్ దక్షిణ అమెరికా చేప. జిలేబీ ఆఫ్రికాది. బంగారు తీగ, గడ్డి చేప కూడా బయటి నుంచి వచ్చినవే. మన నీళ్లలో పుట్టి పెరిగినవి చూపాలంటే కొర్రమీను, వాలుగ, జెల్లలు చూపండి. తెల్లవారుజామున చేపలు దించే చోటుకు పోతే ఇవి ప్రాణంతో కనిపిస్తాయి. కొర్రమీను ఉన్న తొట్టి ముందు కాసేపు నిలబడితే అది పైకొచ్చి గాలి మింగి కిందికి పోతుంది. నీళ్లలో ఊపిరి చాలక చేసే పని కాదు, దాని తీరే అంత. తడి గుడ్డలో చుట్టినా చాలాసేపు బతికేది అందుకే.

అక్వేరియంకే వెళ్తే తొట్టి అడుగునా, రాళ్ల వెనకా చూడండి. మన చేపలు మట్టి రంగులో ఉండి కంటికి ఆనవు. గాజుకు ఫోను లెన్సును ఆనించి, ఫ్లాష్ ఆపి తీస్తే ఫొటోలో మన మొహం పడదు. ఒక మాట: ఇంట్లో తొట్టెలో పెంచే నల్లని సక్కర్ చేప పెద్దదైందని చెరువులో వదలకండి. గట్లు తవ్వుతుంది, వలలు చింపుతుంది, మన చేపల గుడ్లు తింటుంది.

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. జూన్‌లో వెళ్తున్నాం. ఒక్క రోజులో అక్కడి సొంత జంతువులు చూడాలంటే?
– విశ్రాంత ఉద్యోగి దంపతులు, అనంతపురం

జవాబు: నగరంలోని మెల్‌బోర్న్ జూ 1862 నాటిది, బాగుంటుంది. కానీ పులుల్లాంటివి ఇక్కడ చూసినవే. మీకు పనికొచ్చేది ఊరికి సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని హీల్స్‌విల్ సాంక్చురీ. అక్కడ ప్రధానంగా ఆస్ట్రేలియా జంతువులే ఉంటాయి. 1943లో ప్లాటిపస్ మనుషుల సంరక్షణలో మొదటిసారి పిల్లను కన్నది అక్కడే. గుడ్లు పెట్టి పాలిచ్చే జంతువులు లోకంలో రెండు రకాలే, ప్లాటిపస్, ఎకిడ్నా. ప్లాటిపస్ మసక వెలుగు గదిలో ఉంటుంది, పైన చెప్పిన చీకటి సూత్రమే ఇక్కడా. గాజు మీద తట్టకండి.

కోలా రోజులో ఎక్కువ భాగం నిద్రే. తాజా యూకలిప్టస్ ఆకులు పెట్టే వేళ గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. దాన్ని ఎత్తుకుని ఫొటో దిగాలన్న ఆశ పెట్టుకోకండి, విక్టోరియాలో అది చట్టప్రకారం కుదరదు. వేటపక్షుల ప్రదర్శన వేళ చూసుకుని మిగతా నడకను దాని చుట్టూ సర్దుకోండి. జూన్ అక్కడ చలికాలం, ఐదు దాటగానే చీకటి పడుతుంది, కాబట్టి ఉదయమే చేరండి. స్వెట్టరు మీద వాన ఆగే కోటు వేసుకోండి. పులిహోర, పెరుగన్నం డబ్బాలో తీసుకెళ్లొచ్చు, కూర్చుని తినడానికి చోటుంది. కారు లేకపోతే లిలీడేల్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు.

ప్రశ్న: జూలో నక్షత్ర తాబేలును చూసి మా బాబు అలాంటిదే కావాలంటున్నాడు. పక్కూరాయన ఒకటి ఇస్తానన్నాడు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: వద్దు. వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. ఇంట్లో పెట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు పడొచ్చు. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీదా నిషేధముంది. ఇప్పటికే ఎవరింట్లోనైనా ఉంటే అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అప్పగించమనండి. తెలియని గుట్ట మీద వదిలేస్తే ఇంట్లో పట్టిన రోగం అక్కడి తాబేళ్లకు అంటుకుంటుంది.