అమెరికా వెళ్తున్న మా మేనకోడలికి

చిన్నీ,

టెక్సాస్‌లో ఎం.ఎస్. సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి సంబరం వింటుంటే నాకూ కాలు నిలవలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ యూనివర్సిటీ పోలీసుల పేజీ తెరిచి కూర్చున్నాను. మీ మావయ్య నవ్వాడు. నవ్వనీ.

సూట్‌కేసు సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. నేను చెప్పేది నీ క్షేమం సంగతి. ఆపదొస్తే 911కి ఫోన్ చెయ్యి. రూమ్‌మేట్ తాళం మర్చిపోయిందని తలుపుకి ఏదో అడ్డం పెట్టి తెరిచి ఉంచకు. 1986లో లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే అమ్మాయిని హాస్టల్ గదిలోనే చంపినవాడు అలా తెరిచి పెట్టిన తలుపుల్లోంచే లోపలికొచ్చాడు. వాడూ అక్కడి స్టూడెంటే. ఆ పిల్ల అమ్మానాన్నలు పోరాడితే 1990లో చట్టం వచ్చింది. క్యాంపస్‌లో జరిగిన నేరాలు దాచకూడదు, ముప్పు ఇంకా ఉంటే పిల్లల్ని హెచ్చరించాలి. ఏటా అక్టోబర్ 1 కల్లా సెక్యూరిటీ రిపోర్టు బయటపెట్టాలి. ర్యాంకింగులు చదివినంత శ్రద్ధగా అది కూడా చదువు.

చట్టం ఉంది కదా అని నేనూ నిశ్చింతగానే ఉండేదాన్ని, 2007 ఏప్రిల్ 16 దాకా. అప్పుడు మేం వర్జీనియాలో, రిచ్‌మండ్‌లో ఉండేవాళ్ళం. వర్జీనియా టెక్ యూనివర్సిటీ మాకు కారులో మూడు గంటల పైనే. ఆ పొద్దున 7:15 ప్రాంతంలో అక్కడి హాస్టల్లో ఇద్దర్ని కాల్చారు. ఇదేదో సొంత గొడవ, కాల్చినవాడు క్యాంపస్ దాటిపోయి ఉంటాడు అనుకున్నారు పోలీసులు. యూనివర్సిటీ పెద్దవాళ్ళు మీటింగులో కూర్చున్నారు. పిల్లలేమో బ్యాగులేసుకుని క్లాసులకి పోతూనే ఉన్నారు. మొదటి ఈమెయిల్ 9:26కి వెళ్ళింది. కాల్పుల సంఘటన జరిగింది, జాగ్రత్తగా ఉండండి అన్నారు. మనుషులు చచ్చిపోయారనీ, వాడింకా దొరకలేదనీ అందులో లేదు. ఆ ముక్క ఒక్కటి రాస్తే ఎంతమంది గదుల్లోనే ఆగిపోయేవారో! 9:40కి వాడు నారిస్ హాల్ అనే క్లాసుల బిల్డింగులో కాల్పులు మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో 30 మందిని చంపేశాడు. లోగనాథన్ గారని మన తమిళనాడు ప్రొఫెసర్, పాఠం చెబుతూ చెబుతూ పోయారు. తుపాకీతో ఒకడు తిరుగుతున్నాడు, బయటికి రాకండి అన్న మెయిల్ 9:50కి వచ్చింది.

ఆ రాత్రి తెనాల్లో మా అమ్మ టీవీలో వర్జీనియా అన్న మాట విని ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నేను కాలేజీ మొహం చూసి ఎన్నేళ్ళయిందో ఆవిడకి తెలుసు. అయినా సరే, "గదిలోనే ఉన్నావా, బయటికి పోకు" అంటుంది. రేపు మీ అమ్మా అంతే. కాబట్టి ఏదైనా జరిగితే, నువ్వు సేఫ్‌గా ఉన్న చోటు నుంచి ఫ్యామిలీ గ్రూపులో ఒక్క ముక్క పెట్టు. ఇక్కడ అర్ధరాత్రి కదా, పడుకుని ఉంటారులే అనుకోకు.

2008లో చట్టం మార్చారు. ప్రాణాపాయం ఉందని తేలగానే ఆలస్యం చేయకుండా క్యాంపస్‌కి చెప్పాలి. ఇప్పుడు ఫోన్లకి మెసేజ్ వస్తుంది, ఏ నంబరిచ్చావో దానికి! అప్లికేషన్‌లో నువ్వు రాసింది ఇండియా నంబర్. అక్కడి సిమ్ వేసిన రోజే స్టూడెంట్ పోర్టల్‌లో నంబర్ మార్చు. బ్యాంకు అకౌంట్ తర్వాత తెరవచ్చు. ఏడాదికి ఒక్కసారైనా టెస్ట్ మెసేజ్ పంపుతారు. అది పక్కవాళ్ళందరికీ వచ్చి నీకు రాకపోతే, ఆ రోజే వెళ్ళి అడుగు. ఏదో స్పామ్ అనుకుని బ్లాక్ చేశావంటే చూడు మరి!

నా అసలు టెన్షన్ ఇల్లు. అద్దె కలిసొస్తుందని మన పిల్లలు నలుగురు కలిసి క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. ఆ చట్టం వర్తించేది క్యాంపస్‌కీ, యూనివర్సిటీ చేతిలో ఉన్న భవనాలకీ, ఆనుకుని ఉన్న రోడ్లకీ. రెండు వీధుల అవతల మీ పార్కింగ్‌లో ఎవరినైనా దోచుకుంటే హెచ్చరిక పంపాలని వాళ్ళకి నిబంధన లేదు. కొన్ని చోట్ల పంపుతారు, కొన్ని చోట్ల పంపరు. ఫోన్ మోగలేదు కదా అని రాత్రి ల్యాబ్ నుంచి ఒక్కదానివే నడిచి రాకు తల్లీ.

లీజు మీద సంతకం పెట్టే ముందు నాకు అడ్రస్ పంపు. అక్కడి సిటీ పోలీసుల అలర్టులు ఫోన్‌కి వస్తాయేమో నేను చూస్తాను. యూనివర్సిటీ బస్సు ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో నువ్వు కనుక్కో. పదింటికే ఆగిపోతుందంటే ఆ ఇల్లు వద్దు, అద్దె వంద డాలర్లు తక్కువైనా సరే. ఆ వంద నేనిస్తాను, మీ నాన్నకి చెప్పకు.

మీ అత్తయ్య