తీర్చేసిన ట్రాక్టర్ లోన్ సిబిల్‌లో బాకీగా ఉంటే

అన్నా, మిర్యాలగూడలో ట్రాక్టర్ లోన్ మొత్తం కట్టేసినా సిబిల్ (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) రిపోర్టులో ఇంకా బాకీ చూపిస్తోందని, అందుకే ఇంటి లోన్ ఆగిందని రాశారు. టెన్షన్ పడకండి, ఇది సరిచేయించుకోవచ్చు.

ముందు బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న కాగితం) తీసుకోండి. దేవరకొండలో నా లోన్‌కూ ఇలాగే అయింది, ఆ కాగితం పోగొట్టుకుని రెండు నెలలు తిరిగాను. తర్వాత సిబిల్ సైట్‌లో ఆ ఖాతా మీద డిస్ప్యూట్ (వివరం తప్పని అభ్యంతరం) వేయండి, ఫీజు లేదు. బ్యాంకు ఒప్పుకోనిదే సిబిల్ తనంతట తాను మార్చదు. అందుకే బ్రాంచిలో కూడా ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి. 30 రోజులు దాటినా సరిచేయకపోతే, ఆలస్యం చేసిన బ్యాంకు గానీ సిబిల్ గానీ రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న ఆర్‌బీఐ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, మొహమాటపడకుండా అడగండి. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి, అదీ ఉచితమే.