సెంటుకు ఎన్ని బార్న్‌లు?

ప్రశ్న: ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి, బార్న్ కూడా గజం, సెంటు వంటి వైశాల్యపు కొలతే అంటోంది. అలాగైతే మా 5 సెంట్ల స్థలం ఎన్ని బార్న్‌లు? పికోబార్న్ కంటే ఫెమ్టోబార్న్ చిన్నది కదా, మరి విలోమ ఫెమ్టోబార్న్ పెద్దదెలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. సెంటుకు 48.4 చదరపు గజాలు కాబట్టి మీ స్థలం 242 గజాలు, అంటే సుమారు 202.3 చదరపు మీటర్లు. ఒక బార్న్ 10⁻²⁸ చదరపు మీటరు కనుక మీ స్థలం సుమారు 2.02 × 10³⁰ బార్న్‌లు అవుతుంది. గజాన్ని మీటర్లలోకి మార్చే 0.9144ను ఇక్కడ రెండుసార్లు గుణించాలి. ఒక్కసారితో ఆపేస్తే వచ్చేది పొడవే తప్ప వైశాల్యం కాదు.

ఇంగ్లీషులో బార్న్ అంటే గడ్డీ గింజలూ పశువులూ ఉంచుకొనే పెద్ద కొట్టం. 1942 చివర్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో అణుబాంబు పరిశోధనలో ఉన్న మార్షల్ హాలోవే, చార్లెస్ బేకర్ ఈ పేరు పెట్టారు. కేంద్రక చర్యల దృష్టిలో అంత వైశాల్యం నిజంగా కొట్టమంత పెద్దదే. అయితే మీ స్థలానికి ఉన్నట్టు దీనికి హద్దురాళ్లు ఉండవు. చర్య జరిగే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పేదే క్రాస్ సెక్షన్. యురేనియం-235 కేంద్రకాన్ని గుండ్రని బంతిగా చూస్తే దాని అడ్డుకోత 2 బార్న్‌లకు లోపే ఉంటుంది, కానీ నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్ దాన్ని చీల్చే క్రాస్ సెక్షన్ దాదాపు 585 బార్న్‌లు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందంగా తోచేది ఈ తేడాయే.

రెండో ప్రశ్నకు మన మిరప చేలోనే సమాధానం ఉంది. ఎకరానికి 20 క్వింటాళ్లు పండితే సెంటుకు 20 కిలోలు పండినట్టే. సెంటు ఎకరంలో నూరోవంతు కాబట్టి, "ఎకరానికి 20 కిలోలు" అనే దిగుబడి కంటే "సెంటుకు 20 కిలోలు" నూరు రెట్లు ఎక్కువ. విలోమ బార్న్ కూడా ఇలా "ఇంత వైశాల్యానికి ఇన్ని చర్యలు" అని చెప్పే కొలతే కనుక, పికోబార్న్‌లో వెయ్యోవంతైన ఫెమ్టోబార్న్‌కు ఒకటి చొప్పున అంటే, పికోబార్న్‌కు ఒకటి చొప్పున అన్నదానికి వెయ్యి రెట్లవుతుంది.

జెనీవా దగ్గర ప్రోటాన్లను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే భారీ యంత్రంలో 2015 నుంచి 2018 వరకు అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు ఒక్కొక్కటి సుమారు 140 విలోమ ఫెమ్టోబార్న్‌ల సమాచారం సేకరించాయి. అక్కడ హిగ్స్ బోసాన్ అనే కణం పుట్టే క్రాస్ సెక్షన్ సుమారు 55 పికోబార్న్‌లు. దీన్ని ముందుగా 55,000 ఫెమ్టోబార్న్‌లుగా మార్చి 140తో గుణిస్తే బార్న్‌లు రెండూ కొట్టుకుపోయి, ఒక్కో ప్రయోగంలో దాదాపు 77 లక్షల హిగ్స్ కణాలు పుట్టాయని తేలుతుంది. మార్చకుండా 55నే 140తో గుణిస్తే 7,700 వస్తుంది, అది వెయ్యి రెట్లు తక్కువ.