నాచెజ్ వెళ్తున్న అమ్మలుకి

చి. అమ్మలూ,

ఈ వేసవికి నాచెజ్ నేషనల్ హిస్టారికల్ పార్కులో గైడుగా కుదిరావని మీ అమ్మ చెప్పింది. మనసు పొంగింది, ఆ వెంటనే గుండె గుభేలుమంది. అమెరికాలో ఆ మిసిసిపీ రాష్ట్రపు ఎండ సంగతి నీకు తెలీదు. టోపీ, నీళ్ళు మర్చిపోకు. నాచెజ్ ట్రేస్ రోడ్డు మీద చీకటి పడ్డాక కారు నడిపావంటే ఊరుకోను. జింకలు అడ్డం పడతాయి, ఆ రోడ్డు మీద పెట్రోలు బంకులుండవు. పాత కోట ఉన్న చోటు, ఫోర్ట్ రోజలీ దగ్గర, నది గట్టు అంచున ఫొటోలు దిగకు. అది రాయి కాదే తల్లీ, గాలికి పేరుకున్న మెత్తటి మన్ను, వానకి జారిపోతుంది. నవ్వకు.

అసలు భయం వేరే. ఎప్పుడో మేమక్కడ ఒక పాత భవంతి చూడ్డానికి వెళ్ళాం. గైడమ్మ దీపాల గురించీ తివాచీల గురించీ గంటసేపు చెప్పింది. "ఇంతమందికి వంట ఎవరు చేసేవారండీ?" అన్నారు మీ బాబాయి. "సర్వెంట్లు" అనేసి పక్క గదిలోకి నడిచింది. మేమంతా గొర్రెల్లా ఆవిడ వెనకే వెళ్ళాం. సర్వెంట్లేమిటి, డబ్బిచ్చి కొన్న మనుషులు! ఆ సంత ఊరి చివరే, ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ దగ్గర. కలరా భయంతో 1833లో ఊళ్ళో అమ్మొద్దన్నారు. వ్యాపారులు పొలిమేర దాటి కూర్చున్నారు, అంతే. 1863 దాకా సాగింది. పార్కు 1988లో వచ్చినా ఈ నేల అందులో చేరింది 2021లో. సిమెంటులో బిగించిన సంకెళ్ళున్నాయి, జనాన్ని ముందు అక్కడికి తీసుకెళ్ళు.

పార్కులోని మెల్‌రోజ్ భవంతి భోజనాల గదిలో బల్లపైన వేలాడే పెద్ద చెక్క పంకా చూస్తావు. మా ముత్తాత దొరల కచేరీలో పంకా లాగేవాడట, కాలికి తాడు కట్టుకుని కునికిపాట్లు పడేవాడని మా నాన్న నవ్విస్తూ చెప్పేవారు. పంకా చూడగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. కానీ ఆయనకి నెల తిరిగేసరికి జీతం, పొద్దుగూకితే సొంత ఇల్లు. ఇక్కడ తాడు లాగిన బానిస పిల్లాడికి ఆ రెండూ లేవు. "అచ్చం మన పంకాయే" అని మురిసిపోయి ఊరుకోకు, ఈ తేడా చెప్పు.

విలియం జాన్సన్ ఇంటి దగ్గర ఇంకా జాగ్రత్త. బానిసగా పుట్టి, విడుదలై, క్షౌరశాలలు నడిపి, 1835 నుంచి 1851లో చనిపోయేదాకా డైరీ రాసినవాడు. పొలం గట్టు తగాదాలో కాల్చి చంపారు. చూసినవాళ్ళు నల్లవాళ్ళు. చంపినవాడు తాను తెల్లవాణ్ణన్నాడు, తెల్లవాడి మీద వాళ్ళ సాక్ష్యం కోర్టులో చెల్లలేదు, హంతకుడు శిక్ష తప్పించుకున్నాడు. అంత దుఃఖం చెప్పాక, ఆయనా బానిసల్ని ఉంచుకున్నాడని చెప్పడానికి నోరు రాదు. చెప్పాలి. చెప్పకపోతే ఆ గైడమ్మకీ నీకూ తేడా ఏముంది?

కోప్పడ్డాననుకోకు, బంగారం. మొదటి రోజు గొంతు వణుకుతుంది, వణకనీ. వచ్చే నెల నేనూ బాబాయీ వస్తాం. జనంలో నిలబడి వింటాం. ఆయన మళ్ళీ ఆ వంట ప్రశ్నే అడుగుతారు, ముందే చెబుతున్నా.

మీ పిన్ని