క్రికెట్‌కి బీసీసీఐ ఉన్నట్టు గుర్రప్పందేలకు ఒకే బోర్డు ఎందుకు లేదు?

లేదు, దగ్గర్లో వచ్చేలా కూడా నాకైతే కనబడట్లేదు. హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సులో స్నేహితులం కలిసి ఒక గుర్రంలో వాటాలు పెట్టుకున్నాం కాబట్టి ఈ తంతు కొంత దగ్గర్నుంచి చూశాను.

దేశంలో టర్ఫ్ అథారిటీలు, అంటే పందేలు నడిపే అధికారమున్న క్లబ్బులు, ఐదు: కోల్‌కతా, ముంబై (పుణె రేసులూ వీళ్లవే), చెన్నై, బెంగళూరు, హైదరాబాద్. ఎవరి రూల్స్ వాళ్లవి, ట్రైనర్లకూ జాకీలకూ లైసెన్సులు ఇచ్చేదీ ఎవరికి వాళ్లే. ఉమ్మడి వేదిక ఒకటి ఉంది గానీ అది కూర్చుని మాట్లాడుకోవడానికే, ఒక క్లబ్బు మాట వినకపోతే చేయగలిగేదేం లేదు. దేశంలో పుట్టిన ప్రతి రేసుగుర్రం పిల్లనూ నమోదు చేసే స్టడ్ బుక్ పుణెలో ఉంది, అన్ని సెంటర్ల గుర్రాలూ తలపడే ఇన్విటేషన్ కప్ ఏటా ఒక ఊళ్లో జరుగుతుంది, కలిసి నడిచేవంటే ప్రధానంగా ఇవే. డెర్బీలైతే (సీజన్‌లో పెద్ద పందేలు) మన హైదరాబాద్‌లోనే రెండు, డెక్కన్ డెర్బీ, గోల్కొండ డెర్బీ. ఇక బెంగళూరు, మైసూరు, కోల్‌కతా, చెన్నై, ముంబై ఎవరిది వాళ్లకుంది.

దీనివల్ల దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, వేసవిలో ఇక్కడ రేసులుండవు, గుర్రాన్ని ఊరికే మేపలేక వేరే సెంటర్‌కి పంపాం. అక్కడి హ్యాండికాపర్, అంటే గుర్రం సత్తాకి పాయింట్లు వేసి అది పందెంలో ఎంత బరువు మోయాలో తేల్చేవాడు, మా దానికి ఇక్కడికంటే 6 పాయింట్లు ఎక్కువ రేటింగ్ వేశాడు. పాయింటుకి అరకిలో లెక్కన 3 కిలోలు అదనం. గుర్రం అదే, కాళ్లు అవే, ఊరు మారేసరికి మోయాల్సిన బరువు పెరిగింది! ఎవరినడగాలంటే ఆ క్లబ్బునే అడగాలి, ఆ పైన ఇంకెవరూ లేరు.

అసలు తిరకాసు అక్కడే. రేసులు పెట్టేది క్లబ్బే, టోట్ (పందెం డబ్బు పోగుచేసి గెలిచినవాళ్లకు పంచే ఏర్పాటు) నడిపేది క్లబ్బే, తప్పు చేస్తే విచారించే స్ట్యూవార్డులూ సభ్యులు ఎన్నుకున్నవాళ్లే. ఇంగ్లండ్‌లో 2007 నుంచి రూల్స్, విచారణల పని బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ అని ఒక సంస్థ విడిగా చూస్తోంది, అక్కడి పాత జాకీ క్లబ్బు రేస్ కోర్సులు నడుపుకుంటోంది.

పైగా పందేలు రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం, జీఎస్టీ మాత్రం కౌన్సిల్ చేతిలో. 28 శాతమే మోయలేకపోతుంటే 2025 సెప్టెంబరు నుంచి 40 అయింది. 2024లో తమిళనాడు ప్రభుత్వం చెన్నైలోని గిండీ రేస్ కోర్సు లీజు రద్దు చేసి సీలు వేసింది, అదే ఏడాది బెంగళూరు క్లబ్బు లైసెన్సు కోసం కోర్టుకెళ్లింది. ఎవరి గొడవ వాళ్లదే, అందరి తరఫునా ఢిల్లీలో మాట్లాడే గొంతు లేదు.

బోర్డు సంగతి పక్కనపెట్టి, ముందు దేశమంతటికీ ఒకే రేటింగ్ జాబితా పెడితే నాకు చాలు, దానికి చట్టం కూడా అక్కర్లేదు. మీరు వాటా కొనే ఆలోచనలో ఉంటే మాత్రం, గుర్రాన్ని ఏయే సెంటర్లలో పరిగెత్తిస్తారో ట్రైనర్‌ని ముందే అడగండి.