ముందు చిన్నవాణ్ని అడగమను

గుంటూరు, బ్రాడీపేట

చి. చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

బ్యాంకుకు సెలవు పెట్టి సినిమా తీస్తున్నావని, అదీ యుద్ధకాలంలో కోర్టు మార్షల్ గురించి, అంటే సైనిక కోర్టు విచారణ గురించి అని మీ నాన్న రాత్రి ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో ఏడుపొక్కటే తక్కువ. నేనూ వాడితో పాటు కాసేపు నిట్టూర్చాను గానీ, ఫోను పెట్టేశాక మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. ఈ ఇంట్లో నా ఫౌజు కబుర్లు మొదలవగానే టీవీ సౌండు పెంచేవాళ్లే అందరూ. కూర్చుని విన్నదానివి నువ్వొక్కదానివే.

ఎడారి సీన్లు విజయవాడలో బ్యారేజి దిగువ ఇసుకతిన్నెల మీద తీస్తావట, మే నెలలో! రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో పిల్లలకు ఉన్ని కోట్లు తొడిగి పరుగెత్తిస్తావా? తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా కట్టిపెట్టు. ఇంకొకటి, ఇది మాత్రం ఒట్టేయించుకుని చెబుతున్నాను: ఎవ్వరినీ నీళ్లలోకి దిగనివ్వకు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. మోకాలి లోతు అనుకున్నచోట మనిషి మునిగిపోతాడు. ఈతగాణ్ని ఒకణ్ని పెట్టుకో, డబ్బు నేనిస్తాను. సైనిక దుస్తులతో షూటింగు అని పోలీసు స్టేషనులో ముందే కాగితం ఇవ్వు. అనుమతుల సంగతి కనుక్కో. ర్యాంకు పట్టీలు తలకిందులుగా కుట్టించకు.

ఇక కథ. నల్ల కళ్లజోడు పెట్టుకుని జీపు దిగి ఒంటిచేత్తో గుట్టు విప్పే అధికారిని రాశావని విన్నాను. మన సైన్యంలో అలా జరగదమ్మా. ముందు ఏం జరిగిందో తేల్చడానికి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేస్తారు. ఒక అధికారి, ఆయనకు తోడు ఇద్దరు ముగ్గురు, మూలన నాలాంటి గుమాస్తా. అక్కడ రాసుకున్న వాంగ్మూలం కోర్టు మార్షల్‌లో సాక్ష్యంగా చెల్లదు. అభియోగం మోపాక సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ అని మళ్లీ మొదటి నుంచి సాక్షుల్ని పిలిచి, నిందితుడి ఎదుటే రాసుకుంటారు. సాక్షుల్ని ప్రశ్నించే హక్కు అతనికి ఉంటుంది. ఇంత పకడ్బందీగా ఉన్నదాంట్లో తప్పు ఎక్కడ దూరుతుందో నీకు చెప్పాలి.

1971 డిసెంబరు, పశ్చిమ సరిహద్దు. రాత్రి కాపలాలో ఉన్న ఒక కుర్రాడు పోస్టు వదిలి వెళ్లాడని కేసు. తన పైవాడైన హవల్దారే పక్క పికెట్‌కు, అంటే పక్కనున్న చిన్న కాపలా పోస్టుకు పంపాడని వాడంటాడు. నేను పంపలేదని హవల్దారు. విచారణకు వచ్చిన కెప్టెన్‌గారు చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నాడు. బయట కోసేసే చలిగాలి. ఉన్న కుంపటి ఒక్కటే. పాపం, సాక్షులు వణుకుతున్నారని అయిదుగురినీ ఒకే టెంటులోకి పిలిచాడు. మర్యాద ప్రకారం హవల్దారును ముందు అడిగాడు. ఆయన గడగడా చెప్పేశాడు. తర్వాత వాళ్లంతా ‘హవల్దార్ సాబ్ చెప్పినట్లే సాబ్’ అన్నారు. చివరివాడు వంటవాడు. పెదాలు తడుపుకున్నాడు, హవల్దారు బూట్ల వైపు చూశాడు, వాడూ అదే అన్నాడు. అయిదు వాంగ్మూలాల్లోనూ కుర్రాడు కనపడకుండా పోయిన సమయం రాత్రి రెండుంపావు. ఆ అయిదుగురిలో చేతికి గడియారం ఉన్నది హవల్దారుకొక్కడికే!

ఆ కాగితాలు అంతమంది చేతులు మారాయి గదా, గడియారం సంగతి ఒక్కరూ అడగలేదు. సమ్మరీలో మళ్లీ పిలిచినా, ఒకసారి పెద్దాయన ముందు అన్నమాటే అందరూ అప్పజెప్పారు. వంటవాణ్ని ప్రశ్నించమంటే ఆ కుర్రాడికి ఏమడగాలో తెలియలేదు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అలాంటివాడికి హక్కు ఉండి ఏం లాభం? జైలు పడింది, ఉద్యోగం పోయింది. కాల్పులు ఆగాక ఒకరోజు వంటవాడు రొట్టెలు కాలుస్తూ, హవల్దారు ఆ కుర్రాణ్ని పంపడం తన చెవులారా విన్నానని నాతో అన్నాడు. నేను సాబ్‌కు చెప్పమన్నాను. వాడు రొట్టె తిరగేశాడు.

అందుకే చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. జనరల్ కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక కోర్టుల్లో పెద్దదాంట్లో, కనీసం అయిదుగురు అధికారులు కూర్చుంటారు. నేరం రుజువైందా లేదా అని అభిప్రాయం చెప్పాల్సి వచ్చినప్పుడు అందరికన్నా చిన్న ర్యాంకువాడితో మొదలుపెట్టాలి. పెద్దవాడు నోరు విప్పాక చిన్నవాడు ఏమంటాడో ఆ నిబంధన రాసినవాడికి బాగా తెలుసు. నీ సినిమాలో పెద్ద సీను అదే కావాలి. అయిదుగురు, మూసిన తలుపు, మొదట మాట్లాడాల్సిన కెప్టెన్ ముఖం. అరుపులు అక్కర్లేదు. సుత్తితో బల్ల బాదించావంటే థియేటరులో నేనే లేచి వెళ్లిపోతాను.

తీర్పుతో కథ ముగించకు. పై అధికారి ధ్రువీకరిస్తేనే అది చెల్లుతుంది. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ మొదలైంది. వాళ్ల తరఫున లాయరు భూలాభాయ్ దేశాయ్ అంత గొప్పగా వాదించినా యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. దేశం అట్టుడికిపోతుంటే 1946 జనవరిలో సైన్యాధిపతి ఆకిన్‌లెక్ ఆ శిక్షను తీసేశాడు. దోషులన్న తీర్పు మాత్రం అలాగే ఉంచాడు. ఆ ఒక్క సంతకం మీదే ఒక సినిమా తీయవచ్చు.

బయటి సినిమాలు చూడాలంటే 1957లో వచ్చిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’, 1980 నాటి ‘బ్రేకర్ మోరాంట్’ చూడు. పైవాళ్లకు ఏం కావాలో విచారణ మొదలవక ముందే గదిలో ఉన్నవాళ్లందరికీ ఎలా తెలిసిపోతుందో కనిపెట్టు. మిగతావి తీరిక ఉంటే.

ఆదివారం స్క్రిప్టు తీసుకుని ఇక్కడికి రా. కోర్టులో ఎవరెక్కడ కూర్చుంటారో బొమ్మ గీసి ఇస్తాను. వచ్చేటప్పుడు మీ నాన్ననూ లాక్కురా. సెలవు సంగతి వాడితో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో నోరెత్తకు.

పెదనాన్న